అతుకుల మేస్త్రి

ఆయన పోయారని నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆయన పోయిన వారం గోదావరి మూడో హెచ్చరిక దాటింది. రోడ్లు మునిగి బస్సులు ఆగిపోయాయి. నేను ఖమ్మం బదిలీ అయి అప్పటికి రెండేళ్ళు. నీళ్ళు తీశాక, అలవాటు ప్రకారం ఓ ఆదివారం భద్రాచలం బస్సెక్కి సారపాకలో దిగాను. స్టేజీ దగ్గర చాయ్ పోసే అతను గ్లాసు నింపుతూనే చెప్పాడు.

"అతుకుల మేస్త్రి పోయిండు గద మేడమ్. మీకెరుక లేదా?"

చాయ్ సగంలో వదల్లేదు, మొత్తం తాగాను. నాకు ఏడుపు ఆలస్యంగా వస్తుంది, కోపం మాత్రం ముందే తయారుగా ఉంటుంది. ఆ మాట అంత మామూలుగా ఎలా చెప్పాడని అతని మీదే కోపం వచ్చింది. చేతిసంచిలో ఆయన కోసం ఖమ్మంలో కొన్న ఉప్పుకాగితాలు ఉన్నాయి, చెక్కను రుద్ది నునుపు చేసుకోవడానికి. వచ్చిన ప్రతిసారీ అవే తెచ్చేదాన్ని.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. ఆ పేరు చెప్పి అడిగితే దారి చూపేవాళ్ళు కూడా అక్కడ తక్కువే. అతుకుల మేస్త్రి అంటే మాత్రం ఆటోవాళ్ళందరికీ తెలుసు. సారపాక దాటాక, అడవిలోకి తిరిగే మలుపులో నాలుగు రేకుల షెడ్డు, వెనక ఇల్లు. షెడ్డులో పాత మోటారుకు బెల్టు తగిలించి సొంతంగా కట్టుకున్న లేతు, చెక్కను గిర్రున తిప్పే యంత్రం. చపాతీ కర్రలు, పప్పుగుత్తులు, మంచం కోళ్ళు దాని మీదే తిప్పేవారు. అవి బతుకు కోసం చేసే పనులు. ఆయన మనసంతా అతుకుల మీద ఉండేది.

అడవి అంచున పుట్టి పెరిగిన మనిషి. అయినా దుంగల జోలికి పోలేదు. పడుచుతనంలో ఓ సామిల్లులో పని చేస్తూ, కోత అయ్యాక పక్కన పారేసే ముక్కలు చూసి ఈ పని నేర్చుకున్నారట.

"దుంగ ఇంట్ల ఉంటె నిద్ర పట్టది టీచరమ్మ. ఏడికెల్లి తెచ్చినవ్, కాయితం ఉందా అని అందరు అడుగుతరు. ముక్కను ఎవడడుగుతడు? పొయ్యిలకు అనుకుంటరు" అని నవ్వేవారు.

ద్వారబంధాలు చేసే దుకాణాల నుంచి, విరిగిన మంచాల నుంచి ఆ ముక్కలు వచ్చేవి. టేకు, జిట్రేగి, పచ్చటి బిల్లుడు. వేలెడు ముక్కను కూడా పారేయనిచ్చేవారు కాదు. ఏటవాలుగా కోసిన పన్నెండు ముక్కలను కొసకు కొస అంటిస్తే ఓ చక్రం అవుతుంది. చక్రం మీద చక్రం అంటిస్తే ఓ మొద్దు అవుతుంది. దాని కింద అంటించిన అడుగు చెక్కకు నడిమధ్య డ్రిల్లుతో చిల్లి పెట్టి, దాన్ని లేతుకు బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే, మొద్దులోంచి గిన్నె బయటికొస్తుంది. రంగురంగుల ముక్కలు ఇటుకల వరసల్లా కనిపిస్తాయి. చిల్లి పెట్టేటప్పుడు రాలిన పొట్టును రెండు వేళ్ళతో నలిపి వాసన చూడటం ఆయనకు అలవాటు. ఏ చెట్టో కళ్ళు మూసుకుని చెప్పేవారు. నేను పరీక్ష పెట్టి ఒక్కసారి కూడా గెలవలేదు.

నాది పెనుబల్లి దగ్గర పల్లె. సారపాక పక్క బడిలో లెక్కల టీచరుగా చేరిన కొత్తలో, వృత్తంలో భాగాలు పిల్లలకు చూపడానికి చెక్కముక్కలు కావాలని ఆయన దగ్గరికి వెళ్ళాను. వెళ్ళినదాన్ని ఊరుకోక, సుద్దముక్కతో బల్ల మీద గీసి, ముప్ఫై డిగ్రీలు, ఇటు పదిహేను, అటు పదిహేను అని పాఠం మొదలుపెట్టాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత ఓ పాత పేపరును గుండ్రంగా కత్తిరించి, సగానికి మడిచి, దాన్ని మూడుగా మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఆ మొనను నా సుద్దగీతల మీద పెట్టారు. అణువంత కూడా తేడా లేదు.

"నీ డిగ్రీలన్ని నా మడతలల్ల ఉన్నయ్ టీచరమ్మ" అన్నారు.

మా ఇళ్ళల్లో టీచర్ని నువ్వంటే ఊరుకోరు. ఆయన నోట అది మర్యాదగానే వినపడేది. ఆ రోజు నుంచి బడి వదలగానే వారానికి ఓసారైనా ఆ షెడ్డుకు వెళ్ళడం అలవాటైంది. నన్ను చూడగానే ఇంట్లోంచి ఓ మూడుకాళ్ళ స్టూలు తెచ్చి వేపచెట్టు కింద వేసేవారు. అది ఆయనే తిప్పిన స్టూలు. నేను లేచి వెళ్ళాక మళ్ళీ లోపల పెట్టేసేవారు.

అతుకు పనిలో ఓ తిరకాసు ఉంది. ఒక్కో ముక్క కోతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా, పన్నెండో ముక్క పెట్టేసరికి అక్కడ సందు తేలుతుంది. చాలామంది ఆ సందులో రంపపు పొట్టు, జిగురు కలిపి కూరి పైన రుద్దేస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. ఆయన అలా చేసేవారు కాదు. ముందు ఆరు ముక్కలు ఓ సగంగా, ఇంకో ఆరు మరో సగంగా అంటించేవారు. రెండు సగాలూ ఆరాక, వాటి కొసలను నాపరాయి మీద పరిచిన ఉప్పుకాగితానికేసి రుద్దేవారు. అప్పుడు రెండింటినీ కలిపితే సందు ఉండదు.

"తప్పు రాకుండ ఎట్లుంటది? వస్తది. కాని ఊరంత తిరగకుండ ఒక్కకాడికే రావాలె. గక్కడ రుద్దుకుంటె అయిపాయె" అనేవారు.

పొట్టు కూరేవాళ్ళంటే మాత్రం ఆయనకు మంట. ఓసారి ఓ వడ్రంగి అలా సందు కూరిన భరిణె తెచ్చి, తిప్పి నునుపు చేసిమ్మన్నాడు. లేతు మీద అది రెండు ముక్కలైంది. విరిగినందుకు ఆయన ఏమీ అనలేదు. కూరినట్టు ముందు చెప్పనందుకు ఆ వడ్రంగితో ఓ ఏడాదిపాటు మాట్లాడలేదు. అదే, ఆయన భార్య షెడ్డు ఊడుస్తూ చీపురు తగిలించి, పదిరోజులు కష్టపడి చేసిన గిన్నెను కింద పడేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె రెండు పెంకులూ చేత్తో పట్టుకొచ్చి ఎదుట నిలబడింది.

"నా చెయ్యి తగిలి పడ్డది."

"చెప్పినవ్ గద. ఏం గాదు తీయ్" అని, ఆ పెంకులు తీసుకుని పొయ్యి దగ్గర పెట్టి, ఇంకో ముక్క కోసుకోవడం మొదలుపెట్టారు. ఆ 'ఏం గాదు తీయ్' ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. చెప్పిన తప్పుకు ఆయన దగ్గర అదొక్కటే జవాబు.

ఇక గోరు సంగతి. అంటించిన ముక్కలు కదలకుండా చుట్టూ సైకిల్ ట్యూబు కోసిన పట్టీలు బిగించేవారు. అతుకుల్లోంచి పైకి పొంగిన జిగురు ఓ బొట్టుగా నిలుస్తుంది. ఆరిందో లేదో ఆ బొట్టే చెప్పాలి. గోరు నొక్కితే దిగితే ఇంకా పచ్చి, ఆగాలి. గోరు జారితే గట్టిపడినట్టు, తిప్పొచ్చు. ఆయన గోళ్ళు మొద్దుబారి, చిగురుదాకా అరిగి ఉండేవి. అందుకని కాదు గానీ, ఆయన ఓ నియమం పెట్టుకున్నారు. వస్తువు ఎవరిదైతే గోరు వాళ్ళే పెట్టాలి. పసుపు భరిణె చేయించుకున్న పెళ్ళికూతురి తల్లిని కూడా పిలిపించి పెట్టించారు. వాళ్ళేం చెబితే అదే మాట, మళ్ళీ తను పెట్టి చూడరు.

ఆరేళ్ళ కిందటి వానాకాలం. ఖమ్మంలో లెక్కల ప్రదర్శన ఉందని బడికి కబురొచ్చింది. పన్నెండు ముక్కల గిన్నె పట్టుకెళ్ళి, వృత్తం అంటే ఇది అని అందరి నోళ్ళూ మూయించాలని నాకు ఉబలాటం. ఆత్రగానికి బుద్ధి మట్టు అని మా అమ్మ నన్ను చూసే అనేది. రెండు సగాలూ అంతకుముందే ఆరిపోయి ఉన్నాయి. ప్రదర్శనకు రెండు రోజులనగా సాయంత్రం వాటిని కలిపి, అడుగు చెక్క మీద అంటించి, పట్టీలు బిగించారు. మర్నాడు మధ్యాహ్నం నేను షెడ్డులో ఉన్నాను. మూడురోజులుగా ముసురు. గోడలు కూడా చెమ్మగిల్లి ఉన్నాయి.

"రేపు మాపటికి చూద్దాం టీచరమ్మ. జిగురుకు ఎండ లేదు" అన్నారు.

"రేపు పొద్దున్నే నేను బస్సెక్కాలండీ. ఇవాళే తిప్పేయండి. ఏమవుతుంది?"

"అయ్యేది నాకేం తెలుసు? గోరు పెట్టి చూడు మరి."

పట్టీ కాస్త జరిపి చూపించారు. రెండు సగాలు కలిసిన చోట, లోపలి వైపు, కందిగింజంత జిగురు బొట్టు. బొటనవేలి గోరు నొక్కాను. దిగింది. బాగా దిగలేదు, అలాగని దిగకుండానూ లేదు. ఆ ఒక్క క్షణంలో నేను చాలా లెక్కలు వేసుకున్నాను. పైన గట్టిపడింది కదా, లోపల కూడా ఆరే ఉంటుంది కదా, అని.

"గట్టిగానే ఉందండీ" అన్నాను.

"నువ్వన్నవంటె అదే" అని పట్టీలు విప్పారు.

ముఖానికి అడ్డం పెట్టుకునే ప్లాస్టిక్ అద్దం మేకుకు వేలాడుతోంది. తిన్నగా తిరుగుతుందో లేదో ఒక్కసారి చూసి పెట్టుకుందామనుకున్నారేమో, ముందు స్విచ్చి వేశారు. చక్రం రెండు మూడు చుట్లు మెల్లగా తిరిగి వేగం అందుకుంది. ఆ తర్వాత చప్పుడు మాత్రమే గుర్తుంది. ఓ సగం ఎగిరి గోడకు తగిలింది. రెండోది ఆయన ముఖానికి తగిలింది.

ఆటోలో వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళాం. అక్కణ్ణుంచి ఖమ్మం. ఎడమకంటి చూపు తిరిగి రాదన్నారు. కట్టు కట్టిన కంటితో బెంచీ మీద కూర్చుని, ఎలా జరిగిందని డాక్టరు అడిగితే ఆయన చెప్పిన మాటలు ఇవి:

"అద్దం పెట్టుకోకుండ స్విచ్చేసిన సారు. ముసురుల తిప్పొద్దని ఎరుకుండి తిప్పిన. తొందర నాదే."

నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడే చెప్పేయాల్సింది. బయట వరండాలో ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఆమెకైనా చెప్పాల్సింది. రేపు చెబుదాం, కట్టు విప్పాక చెబుదాం, కాస్త కోలుకున్నాక చెబుదాం అనుకున్నాను. ఎప్పటికప్పుడు పొట్టు కూరుకుంటూ వచ్చాను. నేను ఆ ప్రదర్శనకు వెళ్ళలేదు. దాన్ని కూడా జనం నా మంచితనం కిందే వేశారు. టీచరమ్మ తన పని మానుకుని మేస్త్రి వెంట తిరిగిందని, ఆమె మనసు వెన్న అని చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండేది.

ఆయన మూడు నెలలు ఖాళీగా కూర్చున్నారు. ఒంటికంటితో లోతు తెలియక, ఉలి ఎక్కడ ఆనుతుందో అంచనా దొరికేది కాదు. మొదట్లో చపాతీ కర్రలు కూడా పాడయ్యాయి. తర్వాత తల ఓ పక్కకు వంచి, వేలు చెక్కకు ఆనించి, తడిమి తెలుసుకోవడం నేర్చుకున్నారు. మళ్ళీ అతుకులు మొదలుపెట్టారు. నేను వెళ్ళేదాన్ని. పళ్ళు, ఉప్పుకాగితాలు పట్టుకెళ్ళేదాన్ని. స్టూలు వేసేవారు. బడి సంగతులు అడిగేవారు. మధ్యలో ఓసారి మాటలు ఆగిపోయేవి, ఆయన నా వైపు చూస్తూ ఊరుకునేవారు. నేను వెంటనే ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. నా నోటికి ఖాళీ ఎక్కడిది?

ఏడాది తిరిగాక ఓరోజు, "నీ గిన్నె బాకీ ఉంది గద టీచరమ్మ" అన్నారు. నేను వద్దన్నాను. చేస్తానన్నారు. మంచి ఎండాకాలం. రెండు సగాలు కలిపి, పట్టీలు బిగించి, రెండు రోజులు ఆగి నాకు కబురు చేశారు. వెళ్ళేసరికి స్టూలు వేసి ఉంది.

"గోరు పెట్టు" అన్నారు.

పెట్టాను. గాజు మీద జారినట్టు జారింది.

"గట్టిగ ఉందా?"

"గట్టిగా ఉందండీ."

ఆయన పట్టీలు విప్పలేదు. తల పక్కకు వంచి, ఆ ఒక్క కంటితో నా ముఖంలోకి చూశారు. చాలాసేపే చూశారు. లోపల ఆయన భార్య గిన్నెలు తోముతున్న చప్పుడు కూడా ఆగింది. ఆ క్షణంలో చెప్పాల్సిన మాట నా గొంతులో ఉంది. ఇంతకాలం చెప్పనిది ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనన్న భయం దానికి అడ్డం పడింది. పిల్లలు తప్పు ఒప్పుకోకపోతే గోడకుర్చీ వేయించే టీచర్ని నేను.

"నువ్వన్నవంటె అదే" అని ఆయన పట్టీలు విప్పుకున్నారు. ఈసారి ముందు అద్దం పెట్టుకుని, నన్ను వెనక్కి జరగమని, అప్పుడు స్విచ్చి వేశారు.

ఆ గిన్నె మా ఇంట్లో ఉంది. ఇంతవరకు అందులో ఏమీ వేయలేదు. ఎవరైనా మెచ్చుకుంటే మాట మారుస్తాను.

చాయ్ గ్లాసు పెట్టేసి, ఆటో ఎక్కి ఆ మలుపు దగ్గర దిగాను. షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన భార్య వాకిట్లో, వరదకు తడిసిన ముక్కలను ఎండలో పరుస్తోంది. నన్ను చూసి లేచి, లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి వేసింది.

"జరం వచ్చె, నాలుగు రోజులు ఉండె. దవాఖానాకు తోలుకపోదమంటె తొవ్వ అంత నీళ్ళే" అంది. "నీకు కబురు జెప్పుదమంటె ఫోన్లు గూడ కలవలే."

నేను సంచిలోంచి ఉప్పుకాగితాలు తీశాను. వాటిని ఎవరికివ్వాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుస్తూనే అన్నాను:

"అక్కా, ఆ రోజు గోరు దిగింది. నేను దిగలేదని చెప్పాను. తొందర ఆయనది కాదు, నాది."

ఆమె ఉలిక్కిపడుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె చేతిలో ముక్కలు కింద పెట్టి, షెడ్డులోకి వెళ్ళి, తలుపు వెనకున్న మేకు నుంచి ఏదో తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. ఆరు ముక్కల సగం చక్రం. ఆ రోజు ఎగిరిన రెండింటిలో ఒకటి. కొస దగ్గర, లోపలి వైపు, రాయిలా గట్టిపడ్డ జిగురు బొట్టు. దాని మీద సన్నటి గోటిగాటు, నెలవంకలా.

"దవాఖానాకెల్లి వచ్చిన దినమే ఏరి చూసిండు. మన గోళ్ళు గిట్ల సన్నగ ఉండయ్, ఇది టీచరమ్మది అన్నడు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నేను అడుగుతనన్న. వద్దన్నడు. అడిగి చెప్పిచ్చుకుంటె అది చెప్పినట్టా అన్నడు. నువ్వొచ్చినప్పుడల్ల స్టూలేసి, ఇయ్యాల చెప్తది చూడు అనేటోడు. నువ్వు పోయినంక స్టూలు లోపట పెట్టుకుంట, ఇయ్యాల గూడ చెప్పలే అనేటోడు. గంతే."

"నా మీద కోపంగా ఉండేవారా అక్కా?"

"కోపం నాకుండె. ఆయనకు లేకుండె. నువ్వు చెప్తె, ఏం గాదు తీయ్ అందామని కూసున్నడు ఇన్నేండ్లు. ఆ మాట ఆయన నోట్లనే ఉండిపాయె."

నేను ఆ గాటు మీద నా బొటనవేలి గోరు పెట్టి చూశాను. సరిగ్గా కూర్చుంది. తలెత్తి ఆమె ముఖంలోకి చూశాను. ఆయన అనలేకపోయిన మాట ఆమె అంటుందేమోనని ఆశ. సిగ్గు లేకుండా ఆశపడ్డానని ఒప్పుకుంటున్నాను. ఆమెకు అది అర్థమైంది.

"నాకు ఆ మాట రాదు టీచరమ్మ. ఇప్పటికిప్పుడు రాదు" అంది. నా చేతిలోంచి ఆ సగం చక్రం తీసుకుంటూ, "వస్త పోత ఉండు" అంది.

దాన్ని మళ్ళీ మేకుకు తగిలించింది. ఉప్పుకాగితాలు తీసుకుని లోపల పెట్టింది. సాయంత్రం దాకా ఆమెతోపాటు తడిసిన ముక్కలను ఎండ వైపు తిప్పుతూ కూర్చున్నాను. ఆటో వచ్చింది. మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. ఆమె ముక్కలన్నీ ఎత్తి షెడ్డులో పెట్టేసి, తలుపు దగ్గరగా వేస్తోంది.

స్టూలు మాత్రం వేపచెట్టు కిందే ఉంది.